డిగ్రీ తర్వాత నర్సింగ్: కాగితాలు ముందు, పరీక్ష తర్వాత

సిరోంచ నుంచి దెగ్లూర్ దాకా, మహారాష్ట్ర సరిహద్దు తాలూకాల తెలుగు పాఠకులు ఈ నెల రాసిన ఉత్తరాల్లో ఎక్కువ నర్సింగ్ ప్రవేశాల గురించే. ఒకే విషయం అడిగినవాటిని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. తేదీలు, ఫీజులు ఏటా మారతాయి కాబట్టి వాటికి ఆ ఏడాది వచ్చే సమాచార పుస్తికే ప్రమాణం.

ప్రశ్న: గోండ్వానా యూనివర్సిటీలో బీఎస్సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పూర్తిచేశాను. వయసు 23. డిగ్రీ ఉంటే రెండేళ్లలో నర్స్ కావచ్చని యూట్యూబ్‌లో చూశాను. మన దగ్గర ఆ కోర్సుకు ఎక్కడ అప్లై చేయాలి? 12వ తరగతిలో సైన్స్ సబ్జెక్టులు కలిపి 44 శాతం వచ్చింది. నేను ఓపెన్ కేటగిరీ.
— పాఠకురాలు, సిరోంచ

మీరు చూసిన కోర్సు నిజంగానే ఉంది, కానీ మన దేశంలో లేదు. బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి చోట్ల వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసినవాళ్లను రెండేళ్లలో రిజిస్టర్డ్ నర్స్‌గా తయారుచేస్తారు. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల్లో అలాంటి దారి లేదు. ఇక్కడ రెండేళ్లవి అని కనిపించే పోస్ట్ బేసిక్ బీఎస్సీ, ఎమ్మెస్సీ నర్సింగ్ రెండూ ఇప్పటికే నర్సులైనవాళ్ల కోసం. జువాలజీ డిగ్రీతో వాటిలో చేర్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమేనని గట్టిగా అనుకోండి.

మన దగ్గర మీకున్నది నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. మొత్తం ఎనిమిది సెమిస్టర్లు. డిగ్రీలో బయాలజీ ఎంత చదివినా ఒక్క సెమిస్టర్ కూడా తగ్గదు. అర్హతకు మీ డిగ్రీ మార్కులు చూడరు, 12వ తరగతి మార్కులే చూస్తారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి కనీసం 45 శాతం ఉండాలి, ఇంగ్లీషు విడిగా పాసై ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం చాలు. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, 35 దాటకూడదు. వయసు విషయంలో మీకు ఇబ్బంది లేదు.

ఇబ్బందల్లా ఆ ఒక్క శాతం దగ్గరే. డిగ్రీలో 70 శాతం వచ్చినా ఈ 44ను అది పూడ్చదు. సార్వత్రిక విద్యాపీఠం ఎన్‌ఐఓఎస్ ద్వారా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషుతో మళ్లీ సీనియర్ సెకండరీ రాయడం ఒక దారి. ఈ సబ్జెక్టులతో ఎన్‌ఐఓఎస్ పాసైనవాళ్లను నర్సింగ్ కౌన్సిల్ అర్హులుగానే ఒప్పుకుంటుంది. పాత మార్క్‌లిస్టులో కొన్ని సబ్జెక్టులు, కొత్తదాంట్లో కొన్ని అని కలిపి చూపిస్తే పేచీ వస్తుంది. అందుకే నాలుగూ ఒకే మార్క్‌లిస్టులో ఉండేలా రాయండి. ఇంకో ఏడాది ఆగలేమనుకుంటే మూడేళ్ల జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ డిప్లొమా) ఉంది. దానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే, మొత్తం మీద 40 శాతం, ఇంగ్లీషులో 40 శాతం ఉంటే చాలు. ఆర్ట్స్ డిగ్రీ చేసి నర్సింగ్‌లోకి రావాలనుకునేవాళ్లకు ఇదే దారి. జీఎన్‌ఎం తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ చేస్తే మీ చేతిలోనూ బీఎస్సీ నర్సింగే ఉంటుంది.

ప్రశ్న: జువాలజీలో ఫస్ట్ క్లాస్ ఉంది. బ్రిటన్‌లో డిగ్రీవాళ్ల కోసం ఉన్న రెండేళ్ల నర్సింగ్‌కే వెళ్లాలని ఉంది. పోటీ ఎక్కువంటున్నారు. దరఖాస్తులో ఏం చూస్తారు? సొంతంగా రాసే వ్యాసం ఎలా ఉండాలి?
— పాఠకురాలు, బల్లార్పూర్

ముందు చూడాల్సింది ఆ కోర్సు విదేశీ విద్యార్థులకు తెరిచి ఉందా లేదా అన్నది. కొన్ని యూనివర్సిటీలు ఈ రెండేళ్ల కోర్సును స్థానికులకే ఇస్తాయి. ఇది చూసుకోకుండా నెలల తరబడి దరఖాస్తు తయారుచేసేవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత, అక్కడి నర్సింగ్, మిడ్‌వైఫరీ కౌన్సిల్ ఎన్‌ఎంసీ ఆమోదించిన కోర్సుల జాబితాలో అది ఉందో లేదో చూడండి. పేరులో నర్సింగ్ ఉన్న ఎమ్మెస్సీలన్నీ రిజిస్ట్రేషన్‌కు పనికిరావు. మీకు కావాల్సింది ప్రీ-రిజిస్ట్రేషన్ ఎమ్మెస్సీ. ఆ ప్రీ-రిజిస్ట్రేషన్ అన్న మాట లేని కోర్సు ఇప్పటికే నర్సులైనవాళ్లకు.

రెండేళ్లలో ఎలా పూర్తవుతుందో తెలిస్తే వాళ్లు ఏం వెతుకుతారో తెలుస్తుంది. ఎన్‌ఎంసీ లెక్కలో నర్స్ శిక్షణ 4,600 గంటలు. అందులో సగం తరగతి చదువు, సగం రోగుల దగ్గర పని. మూడేళ్లలో చేయాల్సిన దీనిలో కొంత భాగాన్ని మీ పాత డిగ్రీ నుంచి, మీకున్న సంరక్షణ అనుభవం నుంచి లెక్కలోకి తీసుకుంటారు. అందుకే వట్టి డిగ్రీ సరిపోదు. మనుషులను దగ్గరుండి చూసుకున్న గంటలకు రుజువు అడుగుతారు. చాలాచోట్ల ఇది కొన్ని వందల గంటలు.

మీ చుట్టుపక్కల ఈ గంటలు సంపాదించే చోట్లు ఉన్నాయి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గ్రామీణ రుగ్ణాలయం (ఆసుపత్రి), వృద్ధాశ్రమం, దివ్యాంగ పిల్లల బడి. చేరే ముందే ఉత్తరం సంగతి మాట్లాడుకోండి. సంస్థ లెటర్‌హెడ్ మీద మొదలుపెట్టిన తేదీ, ముగిసిన తేదీ, వారానికి గంటలు, మొత్తం గంటలు, చేసిన పనులు, సంతకం చేసినవారి హోదా, అధికారిక ఈమెయిల్ ఉండాలి. "మంచి అమ్మాయి, శ్రద్ధగా పనిచేసింది" అన్న రెండు ముక్కల సర్టిఫికెట్‌ను లెక్కపెట్టరు. బంధువుల ఆసుపత్రి నుంచి తెచ్చిన ఉత్తరానికీ విలువ తక్కువే. చాలామంది చేసే ఇంకో పొరపాటు ఇంజెక్షన్లు ఇచ్చానని, సెలైన్ పెట్టానని గొప్పగా రాసుకోవడం. చదివేవాళ్లకు అది అనుభవంలా కనిపించదు. శిక్షణ లేకుండా రోగిని ప్రమాదంలో పెట్టారని అర్థమవుతుంది. మంచం మార్చడం, అన్నం తినిపించడం, పేర్లు రాయడం, భయపడుతున్న మనిషి పక్కన కూర్చోవడం, తెలుగు తప్ప ఇంకేమీ రాని ముసలమ్మకు మరాఠీ డాక్టరు చెప్పింది వివరించడం, ఇవే అసలైన అనుభవం.

ఇక వ్యాసం. అక్కడ నర్సింగ్‌లో పెద్దల, పిల్లల, మానసిక ఆరోగ్య, అభ్యసన వైకల్య అని నాలుగు శాఖలున్నాయి. ఒక శాఖకే అప్లై చేస్తారు కాబట్టి రాసిందంతా ఆ శాఖ వైపు చూడాలి. కొన్ని యూనివర్సిటీలు యూకాస్ (బ్రిటన్ యూనివర్సిటీల ఉమ్మడి దరఖాస్తు సంస్థ) ద్వారా తీసుకుంటాయి, కొన్ని నేరుగా. 2026 ప్రవేశాల నుంచి యూకాస్‌లో ఒకే పొడుగు వ్యాసం తీసేసి మూడు ప్రశ్నలు పెట్టారు: ఈ కోర్సు ఎందుకు, మీ చదువు దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మూడూ కలిపి 4,000 అక్షరాలు దాటకూడదు, ఒక్కోదానికి కనీసం 350 ఉండాలి. ఖాళీలు, చుక్కలూ అక్షరాలుగానే లెక్క. ఇంటర్నెట్‌లో దొరికిన వ్యాసాన్ని అటూ ఇటూ మార్చి పెట్టకండి. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్ యూకాస్ దగ్గర ఉంది.

"చిన్నప్పటి నుంచి రోగులకు సేవ చేయాలని కోరిక, నర్సింగ్ పవిత్రమైన వృత్తి" అని మొదలుపెడితే మీ గురించి ఏమీ తెలియదు, ఎందుకంటే అందరూ అదే రాస్తారు. అదే చోట ఇలా ఉందనుకోండి: "సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి పరీక్షల శిబిరంలో రిజిస్టరు రాసేదాన్ని. ఒక తల్లి రక్తపరీక్షకు కూతురి వేలు ఇవ్వనివ్వలేదు. ఊళ్లో తెలిస్తే పెళ్లి ఆగిపోతుందని ఆమె భయం. ఏఎన్‌ఎం ఆమెను పక్కకు తీసుకెళ్లి, కాగితం ఎవరి చేతికి వెళ్తుందో, ఎవరి చేతికి వెళ్లదో చెప్పింది. అప్పుడు ఒప్పుకుంది. ఆ రోజు నుంచి రిజిస్టరును బల్ల మీద తెరిచి వదలడం మానేశాను." అయిదారు వాక్యాల్లో గోప్యత, ఓపిక, రోగి భాషలో మాట్లాడటం, చూసి నేర్చుకోవడం అన్నీ ఉన్నాయి. పవిత్రం అన్న మాట అవసరమే రాలేదు. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో సికిల్‌సెల్, మలేరియా పని దగ్గర్లోనే చూసే అవకాశం మీకుంది. అది మీ బలం. అయితే మీరు చూసిందే రాయండి. ఇంటర్వ్యూలో సరిగ్గా దాని మీదే ప్రశ్నలు వేస్తారు.

ఇంటర్వ్యూలో ఎక్కువగా చిన్న చిన్న సన్నివేశాలు ఇస్తారు. ఒక రోగి మందు వద్దంటున్నాడు, తోటి విద్యార్థి తప్పు చేసి దాస్తున్నాడు, మీరేం చేస్తారు అని. మీ పరిధి ఎంతవరకో, ఎవరికి చెప్పాలో మీకు తెలుసా అన్నదే చూస్తారు. "నేనే సర్దేస్తాను" అన్నది తప్పు జవాబు. దీనితోపాటు లెక్కల పరీక్ష కూడా చాలాచోట్ల ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల మందు ఉంది, 200 మిల్లీగ్రాములు ఇవ్వాలి, ఎంత పోయాలి? 200ని 125తో భాగించి 5తో గుణిస్తే 8 మిల్లీలీటర్లు. ఈ స్థాయి లెక్కలు కాలిక్యులేటర్ లేకుండా రావాలి. పదో తరగతి గణితం, ఇంగ్లీషు మార్కులు కూడా అడుగుతారు కాబట్టి ఎస్సెస్సీ మార్క్‌లిస్టు పోగొట్టుకున్నవాళ్లు ఇప్పుడే డూప్లికేట్‌కు పెట్టండి.

యూనివర్సిటీ నుంచి మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్‌తోపాటు జువాలజీ సిలబస్ అధికారిక కాపీ కూడా తెచ్చుకోండి. మానవ శరీర నిర్మాణం, శరీర ధర్మం ఎంత చదివారో దాన్నిబట్టే తేలుస్తారు. సిఫారసు రాసే అధ్యాపకుడికి కాలేజీ ఈమెయిల్ ఉండాలి. సొంత జీమెయిల్ నుంచి వచ్చినవాటిని కొన్నిచోట్ల వెనక్కి పంపుతారు. ఐఎల్‌ట్స్ (ఇంగ్లీషు పరీక్ష) స్కోరు నర్సింగ్‌కు మామూలు కోర్సుల కన్నా ఎక్కువ కావాలి, 7 అని పెట్టుకుని చదవండి.

డబ్బు విషయం ఇంట్లో దాచకుండా మాట్లాడుకోవాలి. అక్కడి ప్రభుత్వం నర్సింగ్ విద్యార్థులకు ఇచ్చే 5,000 పౌండ్ల వార్షిక గ్రాంటు విదేశీయులకు రాదు. ఫీజు, ఖర్చులతోపాటు ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి. వీసాకు చూపించే సొమ్ము బ్యాంకులో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. ఒక్క రోజు నిల్వ తగ్గినా వీసా తిరస్కరిస్తారు. వారానికి 20 గంటలు పనిచేసి ఫీజు కట్టేయొచ్చని ఏజెంటు చెబితే నమ్మకండి. ఆసుపత్రి డ్యూటీల్లో రాత్రి షిఫ్టులూ ఉంటాయి, ఆ వారాల్లో బయటి పనికి సమయం దొరకదు.

ఆస్ట్రేలియాలో దీనికి సమానమైనది రెండేళ్ల మాస్టర్స్. అందులో కనీసం 800 గంటల ఆసుపత్రి శిక్షణ ఉంటుంది. కొన్ని యూనివర్సిటీలు అనాటమీ, ఫిజియాలజీ ముందే చదివి ఉండాలంటాయి. ఏ దేశంలో చదివినా, తిరిగొచ్చి ఇక్కడ నర్స్‌గా పనిచేయాలంటే మన కౌన్సిల్ ఆ అర్హతను విడిగా పరిశీలించి ఒప్పుకోవాలి. అది దానంతటది వచ్చే హక్కు కాదు. ఊరికి తిరిగి రావాలన్నదే మీ ఉద్దేశమైతే ఇక్కడి నాలుగేళ్ల కోర్సే మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: మా అమ్మాయి 12వ తరగతి సైన్స్ చదువుతోంది. నర్సింగ్ సీఈటీ (ప్రవేశ పరీక్ష) రాయిస్తాం. కులం సర్టిఫికెట్ ఉంది. వ్యాలిడిటీ కూడా కావాలంటున్నారు. మా మామగారి కాగితాల్లో ఇంటిపేరు ఒకలా, మా ఆయన కాగితాల్లో చివర "వార్" చేరి ఇంకోలా ఉంది. ఏం చేయాలి?
— ఒక తల్లి, రాజురా

అమ్మా, మీరు సరైన సమయంలో అడిగారు. మార్కులు వచ్చి కూడా సీటు పోగొట్టుకునే పిల్లలు ఎక్కువగా ఈ ఒక్క కాగితం దగ్గరే ఆగిపోతున్నారు. పరీక్షకు చదవడం పాప పని, ఇది మాత్రం పెద్దవాళ్ల పని. ఈ రోజే మొదలుపెట్టండి.

మహారాష్ట్రలో ఉపవిభాగాధికారి (ఎస్‌డీఓ) ఇచ్చే కులం సర్టిఫికెట్ ఒకటి, దాన్ని పరిశీలన కమిటీ విచారించి ఇచ్చే వ్యాలిడిటీ సర్టిఫికెట్ ఇంకొకటి. రిజర్వేషన్ సీటుకు రెండూ కావాలి. గడువులోపల వ్యాలిడిటీ చూపించకపోతే అభ్యర్థిని ఓపెన్ కేటగిరీలోకి మార్చేస్తారు. ఎస్సీ, ఓబీసీ, ఎస్‌బీసీ (ప్రత్యేక వెనుకబడిన వర్గాలు), విముక్త, సంచార జాతులకు జిల్లా కమిటీ, ఎస్టీలకు వేరే కమిటీ. 12వ తరగతి సైన్స్‌లో ఉండగానే కాలేజీ ద్వారా పెట్టడం అన్నిటికన్నా తేలిక. కొన్నేళ్లు ప్రభుత్వం దరఖాస్తు రశీదు చూపితే చాలని గడువు పెంచింది. ఈసారీ పెంచుతుందని కూర్చోకండి.

కమిటీ తేల్చేది రెండు విషయాలు: మీది ఆ కులమేనా, మీ వర్గానికి నిర్ణయించిన తేదీ నాటికి మీ కుటుంబం ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న ప్రాంతంలో ఉందా. ఆ తేదీలు: ఎస్సీలకు 1950 ఆగస్టు 10, ఎస్టీలకు 1950 సెప్టెంబరు 6, విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21, ఓబీసీ, ఎస్‌బీసీలకు 1967 అక్టోబరు 13. కాబట్టి పాప టీసీ, తండ్రి టీసీ ఎంత ఉన్నా అసలు బరువంతా తాతగారి కాగితం మీదే. ఆయన చదువుకుని ఉంటే స్కూలు రిజిస్టరు నకలు, లేకపోతే భూమి రికార్డు, పుట్టుక, చావులు రాసిన కొత్వాల్ పుస్తకం నకలు. అన్నీ తండ్రి వైపువే కావాలి, తల్లి వైపు కాగితాలు పనికిరావు. తండ్రి వైపు రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇప్పటికే వ్యాలిడిటీ వచ్చి ఉంటే ఆ కాపీ అడిగి తెచ్చుకోండి. పని చాలా సులువవుతుంది. కుటుంబాల మధ్య మాటలు లేకపోయినా ఈ ఒక్క కాగితం కోసం వెళ్లి అడగడం మంచిది.

మీ రాజురా వాళ్లు, కిన్వట్ వాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1956కు ముందు ఈ రెండు తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. రాజురా 1956లో నాందేడ్‌కు, 1959లో చంద్రపూర్‌కు మారింది. అందుకే పాత రికార్డు తహసీలులో దొరక్కపోతే లేదనుకోకండి. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఆదిలాబాద్ రెవెన్యూ కార్యాలయంలోనూ, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ పత్రాల భాండాగారం)లోనూ అడిగి చూడండి. దొరికిన నకలుకు ధ్రువీకరించిన మరాఠీ అనువాదం జతచేయండి. సిరోంచ వైపు ఆ చిక్కు లేదు. అది బ్రిటిష్ కాలంలోనూ చాందా (చంద్రపూర్ పాత పేరు) జిల్లాదే.

ఇంటిపేరు చివర "వార్" చేరడం మీ ప్రాంతంలో సర్వసాధారణం. కమిటీలకూ ఇది తెలుసు. ఒప్పుకోనిది తేడాను కాదు, తేడాకు వివరణ లేకపోవడాన్ని. వంశావళి ప్రమాణపత్రంలో ముత్తాత నుంచి పాప దాకా ప్రతి ఒక్కరి పేరూ ఏ కాగితంలో ఎలా ఉందో అలాగే రాసి, "ఈ రెండు పేర్లూ ఒకే వ్యక్తివి" అని స్పష్టంగా చెప్పండి. తాతగారి కాగితంలో పేరు దిద్దించే ప్రయత్నం మాత్రం చేయకండి. కొట్టివేత కనిపించిన పాత రికార్డును మొత్తంగా అనుమానిస్తారు. పాప పదో తరగతి మార్క్‌లిస్టు, ఆధార్, కులం సర్టిఫికెట్ ఈ మూడింట్లో మాత్రం అక్షరం తేడా లేకుండా చూసుకోండి. మరాఠీ బడుల్లో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు అన్న వరుస ఉంటుంది. ఆధార్‌లో తండ్రి పేరు లేకపోతే ఇప్పుడే చేర్పించండి.

ఎస్సీ, ఎస్టీ కాని వెనుకబడిన కులాలకు నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కూడా కావాలి. దానికి గడువుంటుంది. ప్రవేశం జరిగే సంవత్సరం తర్వాతి మార్చి 31 దాకా చెల్లేది ఉండాలి. పోయినేడు తీసుకున్నది ఉందిగా అని ఊరుకుంటే సరిగ్గా ధ్రువీకరణ రోజున ఇబ్బంది పడతారు.

తెలంగాణ నుంచి ఈ మధ్యే వచ్చి స్థిరపడిన కుటుంబాలు కూడా ఇదే అడుగుతున్నాయి. అక్కడి ఎస్సీ, ఎస్టీ సర్టిఫికెట్‌తో మహారాష్ట్రలో రిజర్వేషన్ సీటు రాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి తండ్రి ఉద్యోగం కోసం ముంబై వెళ్లిన మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థి మెడికల్ సీటు కేసులో సుప్రీంకోర్టు 1990లోనే ఈ సంగతి తేల్చింది. ఓపెన్ కేటగిరీకి సిద్ధపడి చదివించండి.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ సీఈటీ ఎలా ఉంటుంది? డిగ్రీ అయిపోయింది, ఫిజిక్స్ మర్చిపోయాను.
— పాఠకుడు, కిన్వట్

వంద ప్రశ్నలు, వంద మార్కులు, 90 నిమిషాలు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు, నర్సింగ్ ఆప్టిట్యూడ్ ఒక్కోదానికి 20. తప్పుకు మార్కు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకండి.

ప్రశ్నకు 54 సెకన్లు వస్తాయి కానీ అన్నిటికీ సమానంగా పంచకూడదు. బయాలజీ, ఇంగ్లీషు, ఆప్టిట్యూడ్ కలిపి 60 ప్రశ్నలు 40 నిమిషాల్లో ముగిస్తే మిగతా 40 ప్రశ్నలకు 50 నిమిషాలు మిగులుతాయి. డిగ్రీ చేసినవాళ్లు బయాలజీ వచ్చనే ధీమాతో దాన్నే మళ్లీ మళ్లీ చదువుతారు. అక్కడ 16 వచ్చేవాళ్లకు 18 వస్తాయేమో, అంతే. ఫిజిక్స్‌లో 5 నుంచి 12కు తేవడం తక్కువ శ్రమతో అయ్యే పని. 11, 12 తరగతుల పుస్తకాల్లో ప్రతి పాఠం చివరి చిన్న లెక్కలు చేయండి. లెన్స్ పవర్ 2 డయాప్టర్లు అయితే నాభ్యంతరం ఎంత? ఒకటిని రెండుతో భాగిస్తే అర మీటరు, అంటే 50 సెంటీమీటర్లు. ఒక్క సూత్రంతో పోయే ఇలాంటివి ముందు పట్టుకుని, కష్టమైనవి చివరికి పెట్టుకోండి. మరాఠీ మీడియంలో చదివినవాళ్లకు ఇంగ్లీషు 20 మార్కులే తేడా తెస్తాయి. రోజూ ఒక పేరా చదివి, తెలియని పదాలు రాసుకోండి.

కౌన్సెలింగ్‌లో కాలేజీల వరుస ఇచ్చేటప్పుడు "నాకు వచ్చేది ఇదేలే" అని కింది కాలేజీని పైన పెట్టకండి. మీకు కావాల్సినది మొదట పెట్టాలి. పైది రాకపోతే కిందిది ఎలాగూ చూస్తారు. డిగ్రీ చేసినవాళ్లకు అదనంగా కావాల్సినవి డిగ్రీ కాలేజీ టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, ఖాళీ సంవత్సరాలుంటే దానికి ప్రమాణపత్రం. ఎమ్మెస్సీలో చేరి టీసీ అక్కడ ఇచ్చేసినవాళ్లు ధ్రువీకరణ రోజు ఖాళీ చేతులతో నిలబడతారు. ముందే వెనక్కి తీసుకోండి.

ప్రశ్న: సీఈటీ లేకుండా వేరే రాష్ట్రంలో సీటు ఇప్పిస్తానని ఒకాయన మా ఊరికొచ్చి 50 వేలు అడ్వాన్స్ అడుగుతున్నాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వమంటున్నాడు.
— ఒక తండ్రి, అహేరి

ఒరిజినల్స్ మాత్రం ఇవ్వకండి. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. మార్క్‌లిస్టు అతని దగ్గర ఉండిపోతే మీ అమ్మాయి వేరే ఏ కౌన్సెలింగ్‌కూ వెళ్లలేదు.

కాలేజీ మంచిదో కాదో మూడు చోట్ల మీరే చూసుకోవచ్చు: భారతీయ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్, ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్, అనుబంధం ఇచ్చిన ఆరోగ్య విశ్వవిద్యాలయం. మూడింట్లోనూ పేరు, ఊరు, ఈ విద్యాసంవత్సరం, సీట్ల సంఖ్య ఉండాలి. గోడకు తగిలించిన పాత అనుమతి పత్రం ఫొటో వాట్సాప్‌లో పంపితే అది రుజువు కాదు. తర్వాత ఆసుపత్రి గురించి అడగండి. నర్సింగ్ కాలేజీకి వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలన్నది నిబంధన. వీలైతే మంగళవారమో బుధవారమో చెప్పకుండా వెళ్లి వార్డుల్లో రోగులున్నారా, విద్యార్థులు యూనిఫాంలో పనిచేస్తున్నారా చూడండి. ఖాళీ మంచాల మధ్య నాలుగేళ్లు చదివిన అమ్మాయికి సెలైన్ పెట్టడం రాదు. క్లాసులకు రాకపోయినా పాస్ చేయిస్తామంటే లేచి వచ్చేయండి. థియరీకి, ప్రాక్టికల్‌కు విడివిడిగా 80 శాతం హాజరు, డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ శిక్షణ వంద శాతం పూర్తి అన్నది నియమం.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. మహారాష్ట్రలో 2024-25 నుంచి, క్యాప్ (ప్రభుత్వ కేంద్రీకృత) కౌన్సెలింగ్ ద్వారా వృత్తి విద్యా కోర్సుల్లో చేరిన ఓబీసీ, ఎస్‌ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలు), ఈడబ్ల్యూఎస్ అమ్మాయిలకు కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే ట్యూషన్, పరీక్ష ఫీజులు పూర్తిగా మాఫీ. మేనేజ్‌మెంట్ కోటాకు ఇది వర్తించదు. ఏజెంటుకు ఇచ్చే అడ్వాన్సుతో పాటు ఈ మాఫీని కూడా మీరు వదులుకుంటున్నట్టే.

ప్రశ్న: జీఎన్‌ఎం చేసి నాలుగేళ్లుగా ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్స్‌గా ఉన్నాను. నేరుగా ఎమ్మెస్సీ చేయవచ్చా?
— పాఠకురాలు, దెగ్లూర్

చేయలేరు. మధ్యలో రెండేళ్ల పోస్ట్ బేసిక్ తప్పదు. ఆ తర్వాత ఎమ్మెస్సీకి బీఎస్సీలో 55 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 50, దాంతోపాటు ఏడాది అనుభవం కావాలి. పోస్ట్ బేసిక్ వాళ్లకు అంతకుముందు చేసిన ఉద్యోగం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి మీ నాలుగేళ్లు పనికొస్తాయి. అయితే కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయిన తేదీ తర్వాతి అనుభవమే చెల్లుతుంది. అనుభవ పత్రంలో ఆ నంబరు, చేరిన తేదీ ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ దాటిపోయి ఉంటే ముందు అది కట్టండి.

ప్రశ్న: ప్రాణహిత దాటితే తెలంగాణే. అక్కడి ప్రభుత్వ కాలేజీలో మా వాళ్లకు సీటు వస్తుందా?
— పాఠకుడు, సిరోంచ

తెలుగు మాతృభాష అయినంత మాత్రాన స్థానికులు కారు. పాప 12 దాకా మహారాష్ట్రలో చదివితే అక్కడ స్థానికేతర అభ్యర్థే అవుతుంది, స్థానిక కోటా సీటు రాదు. ఇంటర్ ఒక్కటే మంచిర్యాలలో చదివిస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. స్థానికతకు వరుసగా నాలుగేళ్ల చదువు చూస్తారు, రెండేళ్లు చాలవు. పైగా మహారాష్ట్రలోనూ పది, 12 ఇక్కడే చదివి ఉండాలన్న షరతుంది. అంటే రెండు వైపులా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పిల్ల ఎనిమిదో తరగతిలో ఉండగానే ఏ వైపో నిర్ణయించుకోవాలి.

ప్రశ్న: సీటు ఖాయమైంది. కాలేజీ తెరిచేలోపు ఏం చేయాలి?
— పాఠకురాలు, గోండ్‌పిప్రి

హెపటైటిస్-బి టీకా ఈ వారమే మొదలుపెట్టండి. మూడు డోసులు: మొదటిది ఈ రోజు, రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. కాలేజీ తెరిచేసరికి కనీసం రెండు పడి ఉండాలి, ఎందుకంటే సూదులు, రక్తం ముట్టుకునే పని త్వరగానే మొదలవుతుంది. చిన్నప్పుడు వేయించామని ఇంట్లో అంటే ఆ కార్డు వెతకండి. కార్డు లేకపోతే డాక్టరును అడిగి యాంటీబాడీ పరీక్ష చేయించుకోవచ్చు. వేసిన తేదీ, బ్యాచ్ నంబరు, సంతకం ఉన్న కార్డును దాచిపెట్టండి. చదువులోనూ, ఆ తర్వాత ఉద్యోగంలోనూ అదే అడుగుతారు.